వంతపాటా వాంగ్మూలమూ

2002 సెప్టెంబర్ 8, ఆదివారం. అమెరికాలో ఆదివారం ఉదయం అంటే రాజకీయ నాయకులు టీవీ స్టూడియోల్లో కూర్చునే పూట. ఆ రోజు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో మైకేల్ గోర్డన్, జుడిత్ మిల్లర్ కలిసి రాసిన వార్త ఒకటి వచ్చింది. సద్దాం హుస్సేన్ అణుబాంబు సామాను కోసం వేట ముమ్మరం చేశాడనీ, యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజులకు పనికొచ్చే అల్యూమినియం గొట్టాలను వేలకొద్దీ కొనబోయాడనీ దాని సారాంశం. చెప్పినవాళ్లు పేర్లు లేని ప్రభుత్వాధికారులు. అదే ఉదయం ఉపాధ్యక్షుడు డిక్ చెనీ ఎన్‌బీసీ వారి 'మీట్ ద ప్రెస్'లో కూర్చుని ఆ వార్తను పత్రిక పేరుతో సహా ఉదహరించాడు. నిఘా వర్గాల రహస్యాలు తాను మాట్లాడకూడదు గానీ, ఇప్పుడిది బహిరంగమే కదా అన్నాడు. సీఎన్ఎన్‌లో జాతీయ భద్రతా సలహాదారు కాండొలీజా రైస్, తిరుగులేని రుజువు దొరికేదాకా ఆగితే ఆ రుజువు పుట్టగొడుగు మేఘమై లేవవచ్చని హెచ్చరించింది. ఆ పోలిక కూడా ఆ పొద్దుటి టైమ్స్ వార్తలో ఉన్నదే.

ఈ వరుసను కాస్త నెమ్మదిగా చూడాలి. ప్రభుత్వం గుట్టుగా విలేకరుల చెవిన వేసింది. విలేకరులు అచ్చేశారు. అచ్చైనదాన్ని ప్రభుత్వమే చేతబట్టుకుని జనానికి చూపించింది. మాట తనదే, ముద్ర మాత్రం ఇప్పుడు ఇంకొకరిది. అంతకు ముందురోజు ఇదే పత్రికలో వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆండ్రూ కార్డ్ మాట ఒకటి వచ్చింది: మార్కెటింగ్ లెక్కన చూస్తే కొత్త సరుకును ఎవరూ ఆగస్టులో దించరట. యుద్ధ ప్రచారం సెప్టెంబర్‌దాకా ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు అతనిచ్చిన జవాబది. ఆ ప్రభుత్వంలో అంత నిజాయితీగా మాట్లాడినవాళ్లు తక్కువ.

ఇరాక్ యుద్ధానికి అమెరికన్లు ఎలా ఒప్పుకున్నారన్న చర్చ వచ్చినప్పుడల్లా వేలు మొదట ఫాక్స్ న్యూస్ వైపే లేస్తుంది. లేవడంలో తప్పు లేదు. కానీ ఫాక్స్‌నీ టైమ్స్‌నీ పక్కపక్కన నిలబెట్టి, వాటికి ఎదురుగా లండన్ పత్రికలు సన్‌నీ డైలీ మిర్రర్‌నీ పెట్టి చూస్తే, బోనెక్కవలసినవాళ్ల వరుస మారుతుందని నా వాదన. జెండా ఊపిన చానల్ కంటే, ఏ జెండా పట్టదని పేరున్న పత్రికే ఆ యుద్ధానికి ఎక్కువ అక్కరకొచ్చింది.

ముందు ఫాక్స్ సంగతి. 1996 అక్టోబర్‌లో మొదలైన చానల్. డబ్బు రూపర్ట్ మర్డాక్‌ది, బుర్ర రోజర్ ఐల్స్‌ది. ఐల్స్ ఆజన్మ విలేకరి కాడు. నిక్సన్, రేగన్, పెద్ద బుష్‌లకు ఎన్నికల్లో ప్రచార సలహాలు చెప్పినవాడు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అతను చిన్న బుష్‌కి ఒక సలహా లేఖ పంపిన సంగతి బాబ్ వుడ్‌వర్డ్ 2002లో వెలువరించిన పుస్తకంతో బయటపడింది. వీలైనంత కఠినంగా వ్యవహరిస్తున్నారని నమ్మినంతకాలం జనం ఓపిక పడతారన్నది అందులోని సారం. వార్తా చానల్ అధిపతి దేశాధ్యక్షుడికి ప్రజాభిప్రాయం నిలుపుకొనే ఉపాయం చెబుతున్నాడు. ఆ ప్రజలకు వార్తలు చెబుతున్నదీ అతనే. తెర మూలన జాతీయ జెండా రెపరెపలాడుతూ ఉండేది. 2002 జనవరికల్లా ఫాక్స్ ప్రేక్షకుల సంఖ్యలో సీఎన్ఎన్‌ను దాటేసింది. యుద్ధం మొదలయ్యాక పెంటగన్ పెట్టిన 'ఆపరేషన్ ఇరాకీ ఫ్రీడమ్' అన్న పేరునే కార్యక్రమం శీర్షికగా వేసుకుంది. ఆ పేరునే ఎంఎస్ఎన్‌బీసీ కూడా వాడింది. అదే ఎంఎస్ఎన్‌బీసీ 2003 ఫిబ్రవరి చివర్లో, తన చానల్లో అందరికంటే ఎక్కువమంది చూస్తున్న ఫిల్ డోనహ్యూ కార్యక్రమాన్ని ఎత్తేసింది. యుద్ధ సమయంలో అతని ముఖం చానల్‌కి ఇబ్బంది అవుతుందని, పోటీ చానళ్లు జెండా ఊపుతుంటే తాము యుద్ధ వ్యతిరేకుల నెలవుగా కనిపిస్తామని లోపలి నివేదిక ఒకటి తర్వాత బయటికొచ్చింది. ఫాక్స్ చేసిన అసలు చెరుపు ఇక్కడుందేమో. తన ప్రేక్షకులను మార్చినదానికంటే పక్క చానళ్లను ఎక్కువ భయపెట్టింది.

బుర్రకథలో కథకుడికి అటొకరు ఇటొకరు వంతలుంటారు. ఆయన చరణం అందుకోగానే తందానా అంటారు. వంతలు అబద్ధమాడుతున్నారని ఎవరూ కోప్పడరు, నిజం చెబుతున్నారని ఎవరూ ప్రమాణం చెయ్యరు. వాళ్ల పని వంత. కథ రక్తికట్టాలంటే వంత కావాలి. కథ నిజమని నమ్మించాలంటే మాత్రం వంత చాలదు. సభలోంచి ఏ సంబంధమూ లేనివాడొకడు లేచి, నేను కళ్లారా చూశానని చెప్పాలి.

ఫాక్స్‌ది వంత మాత్రమేనన్న ఈ మాటకు ఎదురు నిలిచే అంకెలు ఉన్నాయి, వాటిని దాటేసి పోకూడదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం వారి పీఐపీఏ సంస్థ 2003లో వరుసగా సర్వేలు జరిపి అక్టోబర్‌లో ఫలితాలు ప్రకటించింది. మూడు అపోహల గురించి అడిగారు. ఇరాక్‌లో సామూహిక విధ్వంసక ఆయుధాలు దొరికాయా? సద్దాంకీ అల్ ఖైదాకీ సంబంధముందని రుజువైందా? ప్రపంచంలో ఎక్కువమంది ఈ యుద్ధాన్ని సమర్థించారా? మూడూ అబద్ధాలే. ఫాక్స్‌నే ప్రధానంగా చూసేవాళ్లలో 80 శాతం మంది వీటిలో కనీసం ఒకటి నిజమనుకున్నారు. ప్రజా ప్రసార సంస్థలైన ఎన్‌పీఆర్, పీబీఎస్‌ల ప్రేక్షకుల్లో ఆ సంఖ్య 23 శాతం. ఏ అపోహా లేనివాళ్లలో యుద్ధాన్ని సమర్థించింది 23 శాతమైతే, ఒక్కటి ఉన్నవాళ్లలో 53, రెండుంటే 78, మూడూ ఉన్నవాళ్లలో 86. ఇంకో విడ్డూరం: ఫాక్స్ వార్తలను ఎంత శ్రద్ధగా చూస్తే అపోహలు అంత ఎక్కువగా ఉన్నాయి.

ఇంతకంటే సూటైన నేరారోపణ దొరకదనిపిస్తుంది. అయితే అదే పట్టికలో మిగతా గళ్లు కూడా చదవాలి. సీబీఎస్ చూసేవాళ్లలో అపోహ ఉన్నవాళ్లు 71 శాతం. ఏబీసీ 61. సీఎన్ఎన్, ఎన్‌బీసీ చెరి 55. పత్రికలు చదివేవాళ్లు 47. ఫాక్స్ కానివాళ్లంతా కడిగిన ముత్యాలేమీ కారు. ఆ రోజుల్లో సీబీఎస్‌ను రిపబ్లికన్ చానల్ అన్నవాడు అమెరికాలో ఒక్కడూ లేడు. ఆ పార్టీవాళ్లు దాన్ని ఉదారవాదుల గూడు అని తిట్టిపోసేవాళ్లు. మరి అక్కడ పదిమందిలో ఏడుగురికి ఆ అపోహ ఎక్కడి నుంచి వచ్చినట్టు? యుద్ధం మొదలైన మార్చి 20 నుంచి మూడు వారాలపాటు ఆరు చానళ్ల రాత్రి వార్తలను లెక్కగట్టిన ఫెయిర్ సంస్థ నివేదికలో జవాబు కొంత ఉంది. తెర మీద మాట్లాడినవాళ్లలో 64 శాతం యుద్ధాన్ని సమర్థించినవాళ్లు, వ్యతిరేకించినవాళ్లు 10 శాతం. అమెరికన్లను మాత్రమే తీసుకుంటే వ్యతిరేకులు 3 శాతం. ఆ ఆరింటిలో ఫాక్స్ ఒకటి మాత్రమే.

పైగా ఫాక్స్ చూసేవాళ్లలో చాలామంది బుష్‌కి ఓటేసినవాళ్లు, చెప్పకముందే ఒప్పుకున్నవాళ్లు. యుద్ధానికి కావలసింది వాళ్లు కాదు. బుష్‌కి ఓటెయ్యని సగం దేశాన్ని కదపాలి, కనీసం నోరు మూయించాలి. అందుకు డెమొక్రాట్ నాయకులు కావాలి. 2002 అక్టోబర్‌లో యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానం ప్రతినిధుల సభలో 296–133 తేడాతో, సెనేట్‌లో 77–23 తేడాతో నెగ్గింది. సెనేట్‌లోని డెమొక్రాట్లలో 29 మంది అనుకూలంగా ఓటేశారు. హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ, జాన్ ఎడ్వర్డ్స్ అందులో ఉన్నారు. కింది సభలో మాత్రం ఆ పార్టీవాళ్లు 126 మంది వద్దన్నారు, 81 మంది సరేనన్నారు. జనం యుద్ధాల గురించి సొంతంగా లెక్కలు వేసుకోరు, తమ పార్టీ నాయకుడి ముఖం చూసి అభిప్రాయం ఏర్పరచుకుంటారని రాజకీయ శాస్త్రవేత్త ఆడమ్ బెరిన్‌స్కీ వాదించాడు. ఆ లెక్కన డెమొక్రాట్ ఓటరుకి ఆ శరత్కాలంలో చూడ్డానికి ఒక ముఖమంటూ లేదు. పెద్ద తలలు అటు, మామూలు సభ్యులు ఇటు. ఆ పెద్ద తలలు పొద్దున్నే లేచి చదివేది ఫాక్స్ తెర అడుగున పరుగెత్తే అక్షరాలు కాదు, టైమ్స్ మొదటి పేజీ.

ఆ పత్రిక బుష్ పక్షం కాదన్న పేరే ఇక్కడ పనికొచ్చింది. ఆ ఆగస్టులోనే టైమ్స్ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రచారం నడుపుతోందని సంప్రదాయవాద వ్యాఖ్యాతలు దుమ్మెత్తిపోశారు. దాని సంపాదకీయాలు ఐక్యరాజ్యసమితిని కాదని యుద్ధానికి పోవడాన్ని చివరిదాకా ఒప్పుకోలేదు. ఒకే పత్రికలో సంపాదకీయం పేజీ వద్దంటుంటే మొదటి పేజీ కారణాలు అందిస్తూ పోయింది. పాఠకుడు ఏ పేజీని నమ్ముతాడు? సంపాదకీయం అభిప్రాయం, మొదటి పేజీ వార్త. అభిప్రాయంతో పేచీ పెట్టుకోవచ్చు, వార్తతో పెట్టుకోలేం.

గొట్టాల సంగతి చివరికి ఏమైంది? అవి సెంట్రిఫ్యూజులకు సరిపడేవి కావని ఇంధన శాఖ నిపుణులు ముందునుంచీ చెబుతూనే ఉన్నారు. ఇరాక్ సైన్యం వాడే 81 మిల్లీమీటర్ల రాకెట్ల కోసమని వాళ్ల అభిప్రాయం. 2003 జనవరిలోనూ మార్చిలోనూ అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి మొహమ్మద్ ఎల్‌బరాదీ భద్రతామండలికి అదే చెప్పాడు. నిపుణులకు అనుమానాలున్నాయన్న వార్త వాషింగ్టన్ పోస్ట్‌లో 2002 సెప్టెంబర్ 19నే వచ్చింది. పద్దెనిమిదో పేజీలో. ఆ పత్రికలోనే వాల్టర్ పింకస్ ఆయుధాల సాక్ష్యాన్ని ప్రశ్నిస్తూ రాసిన వార్త యుద్ధానికి నాలుగు రోజుల ముందు పదిహేడో పేజీకి పోయింది. 2002 ఆగస్టు నుంచి యుద్ధం మొదలయ్యేదాకా ఆ పత్రిక మొదటి పేజీలో ప్రభుత్వ వాదన ప్రధానంగా 140కి పైగా వార్తలు వచ్చాయని తర్వాత అదే పత్రిక లెక్కతీసి ఒప్పుకుంది. సెన్సారు లేదు, నిషేధం లేదు, ఎవరూ ఎవరినీ జైల్లో పెట్టలేదు. పేజీ నంబర్లతోనే పని జరిగిపోయింది.

ఇదంతా తెలుసుకోవడం అప్పుడు అసాధ్యమేమీ కాదని చెప్పడానికి నైట్ రిడ్డర్ ఉంది. అప్పట్లో దేశంలో ముప్ఫైకి పైగా పత్రికలుండిన సంస్థ. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్, మయామీ హెరాల్డ్, సాన్ హోసే మెర్క్యురీ న్యూస్ అప్పుడు వాళ్లవే. వాషింగ్టన్ బ్యూరోలో జాన్ వాల్కాట్ కింద జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ పనిచేసేవాళ్లు. టైమ్స్‌లో గొట్టాల వార్త రావడానికి ముందే, సద్దాం ఆయుధాలపై గట్టి రుజువుల్లేవని పెద్ద అధికారులే కలవరపడుతున్నారని వీళ్లు రాశారు. వీళ్లకు మంత్రులు ఫోన్లు చెయ్యలేదు. ఆ నిరాదరణే కలిసొచ్చింది. మంత్రులు పలకకపోతే కింది స్థాయిలో అసలు కాగితాలు చూసే ఉద్యోగుల దగ్గరికి పోవాలి కదా. కానీ వాషింగ్టన్‌లో గానీ న్యూయార్క్‌లో గానీ ఆ సంస్థకు సొంత పత్రిక లేదు. సెనేటర్ల గుమ్మం ముందు పడే పత్రికల్లో వాళ్ల వార్త లేదు, స్టూడియోల్లో దాన్ని చేతబట్టుకుని ఊపేవాడూ లేడు. నిజం అచ్చైంది, అచ్చైన చోట అధికారం లేదు. ఈ ఒక్క ఉదాహరణతో, పత్రికలు మోసపోయాయన్న సానుభూతి వాదన నా వరకు పలచబడిపోయింది.

ఇప్పుడు అట్లాంటిక్ దాటుదాం. నాయకులిద్దరి పద్ధతులే వేరు. బుష్ ముందు అప్పటికే బెదిరిపోయి ఉన్న జనం ఉన్నారు. సద్దామే సెప్టెంబర్ 11 దాడులు చేయించాడని అతను ఎన్నడూ నోరు తెరిచి అనలేదు. సద్దాం పేరునూ సెప్టెంబర్ 11నూ ఒక్క ఊపిరిలో పలికేవాడు, అంతే. వినేవాళ్లే ముడివేసుకున్నారు. 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ సర్వే చేస్తే 69 శాతం మంది సద్దాంకి ఆ దాడుల్లో స్వయంగా చెయ్యి ఉండి ఉంటుందన్నారు. సెప్టెంబర్ 17న బుష్ స్వయంగా, అలాంటి ఆధారమేదీ లేదన్నాడు. బాగ్దాద్ పడిపోయి అప్పటికి అయిదు నెలలు దాటింది. బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ పరిస్థితి అది కాదు. అతని దేశం మీద దాడి జరగలేదు, అతని పార్టీయే అతన్ని నమ్మడం లేదు. కాబట్టి అతను కాగితాలు చూపించవలసి వచ్చింది. బుష్ భయంతో ఒప్పించాడు, బ్లెయిర్ దస్తావేజులతో ఒప్పించబోయాడు. ఒక లాయరు చెయ్యగల పని.

2002 సెప్టెంబర్ 24న బ్లెయిర్ ప్రభుత్వం ఇరాక్ ఆయుధాలపై నివేదిక విడుదల చేసింది. ఆజ్ఞ వచ్చిన 45 నిమిషాల్లో సద్దాం రసాయన, జీవాయుధాలు ప్రయోగించగలడన్నది అందులోని ముఖ్యమైన మాట. ఆ సాయంత్రమే ఈవెనింగ్ స్టాండర్డ్ దాన్ని పతాక శీర్షిక చేసింది. మర్నాడు సన్ పత్రిక, బ్రిటిష్‌వాళ్లకు మూడడానికి 45 నిమిషాలే అన్నంత ధోరణిలో అచ్చేసింది. సైప్రస్‌లోని బ్రిటిష్ స్థావరాల మీదికి క్షిపణులొస్తాయట. నిజానికి ఆ 45 నిమిషాల మాట యుద్ధరంగంలో వాడే చిన్న ఆయుధాల గురించి, దూరం పోయే క్షిపణుల గురించి కాదు. ఆ తేడా తనకు తెలుసని రక్షణ మంత్రి జెఫ్ హూన్ తర్వాత న్యాయమూర్తి హటన్ జరిపిన విచారణలో ఒప్పుకున్నాడు. పత్రికలను ఎందుకు దిద్దలేదంటే దానికి సరైన జవాబు లేదు. వాషింగ్టన్‌లో ప్రభుత్వం పత్రిక చేత పలికించి తాను ఉదహరించింది. లండన్‌లో ప్రభుత్వం ఒక వాక్యం వదిలి, పత్రికలు దానికి చిలవలు పలవలు అల్లుతుంటే చేతులు కట్టుకుని చూసింది. రెండో పద్ధతిలో అబద్ధమాడిన నేరం కూడా ఎవరి మీదా పడదు.

సన్‌ను ఫాక్స్‌కి అన్న అనుకోవడం సులువు, యజమాని ఒక్కడే కాబట్టి. పోలిక అక్కడికే. ఫాక్స్ ఒక పార్టీది. సన్ ఏ పార్టీదీ కాదు. థాచర్‌ని మోసింది, 1997లో బ్లెయిర్‌ని మోసింది. అది మర్డాక్‌ది, గెలిచేవాడిది. ప్రపంచంలో మర్డాక్ పత్రికలు 175 వరకూ ఉంటే దాదాపు అన్నీ యుద్ధాన్ని సమర్థించాయని 2003 ఫిబ్రవరిలో గార్డియన్‌లో రాయ్ గ్రీన్‌స్లేడ్ చూపించాడు. ఈ యుద్ధం వల్ల పీపా చమురు 20 డాలర్లకు దిగితే ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు అంతకంటే మేలు లేదని ఆ నెలలో మర్డాక్ ఒక ఆస్ట్రేలియా పత్రికతో అన్నాడు. యుద్ధానికి ముందు తొమ్మిది రోజుల్లో మర్డాక్, బ్లెయిర్ మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకున్నారని 2007లో బ్రిటన్ ప్రభుత్వమే బయటపెట్టింది. ఏం మాట్లాడుకున్నారో తెలియకపోయినా, మార్చి 11, 13, 19 అన్న తేదీలు చాలు.

మిర్రర్ కథ ఇంకా విచిత్రం. అది లేబర్ పార్టీకి తరతరాల పత్రిక. ఆ పార్టీ ప్రధానమంత్రినే, పియర్స్ మోర్గన్ సంపాదకత్వంలో, నెలల తరబడి ఉతికి ఆరేసింది. 2003 జనవరి చివర్లో మొదటి పేజీ మీద బ్లెయిర్ చేతులకు నెత్తురు పూసి బొమ్మ వేసింది. ఒకనాడు కన్సర్వేటివ్‌లను మోసిన సన్ లేబర్ ప్రధానికి కాపు కాస్తుంటే, లేబర్ పత్రిక అతని మీద కత్తి దూసింది. పక్షపాత పత్రిక అంటే పార్టీ గీత దాటనిదని మనకున్న అభిప్రాయం ఇక్కడ కొంత సడలుతుంది. ఏ పత్రిక ఎవరిదో మొదటి పేజీ చూడకుండానే చెప్పగల తెలుగు పాఠకుడికి, 'ఆ రెండు పత్రికలు' అన్న నింద అసెంబ్లీ దాకా వినపడిన రాష్ట్రంలో పెరిగినవాడికి, పార్టీ పత్రిక సొంత పార్టీ ముఖ్యుడి మీద తిరగబడటం పగటి కలలా ఉంటుంది.

దీని ఫలితం వీధిలో కనబడింది. ఫిబ్రవరి 15న లండన్‌లో ఊరేగినవాళ్లు పోలీసుల లెక్కలో ఏడున్నర లక్షలు, నిర్వాహకుల లెక్కలో అంతకు రెండింతలకు పైనే. సమితి రెండో తీర్మానం లేకుండా యుద్ధం వద్దని బ్రిటన్‌లో ఎక్కువమంది సర్వేల్లో చెబుతూ వచ్చారు. రాబిన్ కుక్ మంత్రి పదవి వదిలేశాడు. లిబరల్ డెమొక్రాట్లు పార్టీగా వ్యతిరేకించారు. అమెరికన్ డెమొక్రాట్లకు చేతకానిది అదే. పక్షం పట్టిన పత్రికలు రెండు వైపులా ఉండి కొట్టుకుంటే పాఠకుడికి కనీసం వాదన ఉందని తెలుస్తుంది. నిష్పాక్షికులంతా ఒకే మాట అచ్చేస్తే వాదన ఉందనే తెలియదు.

ఇక్కడ నా వాదనకు నేనే కొంత కళ్లెం వెయ్యాలి. మార్చి 18న పార్లమెంటు 412–149 తేడాతో యుద్ధానికి సరేనంది, అదే రాత్రి యుద్ధ వ్యతిరేక సవరణ మీద ఓటింగులో లేబర్ సభ్యులు 139 మంది తిరగబడినా సరే. కన్సర్వేటివ్‌లు బ్లెయిర్ వెనక నిలబడ్డారు. సైన్యం కదిలిన వారంలోనే సర్వేలు తిరగబడి సగానికి పైగా యుద్ధం వైపు వచ్చేశారు. మన పిల్లలు ముందు వరసలో ఉన్నప్పుడు పత్రిక అభిప్రాయానికి విలువ ఎంత? మిర్రర్ అమ్మకాలు 20 లక్షల కిందికి జారాయి. దానికి మరికొన్ని కారణాలూ ఉన్నాయిగానీ, ఆ వసంతంలో యుద్ధ వ్యతిరేకత అమ్ముడుపోయే సరుకు కాదన్నది పత్రికాఫీసుల్లో అందరికీ అర్థమైంది. కాబట్టి పార్టీ పత్రికల పోటీ యుద్ధాన్ని ఆపుతుందని కాదు. ఒప్పుకోలును కష్టం చేస్తుంది. బ్లెయిర్ ఆ తర్వాత ఇంకోసారి ఎన్నికలు గెలిచినా ఇరాక్ అతన్ని వదల్లేదు; 2016లో ఆ యుద్ధంపై చిల్‌కాట్ విచారణ నివేదిక వచ్చేదాకా, వచ్చాక కూడా.

ఇక క్షమాపణలు. పోల్చడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఆయుధాలు దొరక్కపోతే క్షమాపణ చెబుతానని ఫాక్స్ ప్రముఖుడు బిల్ ఓరైలీ 2003 మార్చిలో మాటిచ్చాడు. ఏడాదిలోపే, 2004 ఫిబ్రవరిలో, తప్పయిందనీ ఈ ప్రభుత్వాన్ని ఇకపై ఇంత తేలిగ్గా నమ్మననీ అన్నాడు. చెప్పింది ఏబీసీ చానల్లో. ఫాక్స్ సంస్థగా మాత్రం ఏమీ చెప్పలేదు. వంత పాడినవాడు కథ తప్పని ఎందుకు ఒప్పుకుంటాడు?

న్యూయార్క్ టైమ్స్ 2004 మే 26న సంపాదకుల వివరణ వేసింది. మరింత కఠినంగా పరిశీలించి ఉండాల్సిందని ఒప్పుకుంది. వచ్చింది లోపల పదో పేజీలో. విలేకరుల పేర్లు లేవు; లోపం వ్యవస్థది అంది. గొట్టాల వార్త మొదటి పేజీలో వచ్చినప్పుడు మాత్రం పేర్లున్నాయి.

దానికి పదకొండు రోజుల ముందు, మే 15న, మిర్రర్ మొదటి పేజీ నిండా క్షమాపణ అచ్చేసింది. బ్రిటిష్ సైనికులు ఇరాకీ ఖైదీని హింసిస్తున్నారంటూ వేసిన ఫోటోలు నకిలీవని తేలింది. మోర్గన్ ఉద్యోగం ముందురోజే ఊడింది. తప్పు తప్పే, నమ్మకంతో చెలగాటమాడిన తప్పు. తనకు కావలసిన కథ దొరికితే పక్షపాత పత్రిక ఎంత గుడ్డిదవుతుందో దానికి ఇదే సాక్ష్యం; యుద్ధం వద్దన్నందుకు ఆ పత్రికకు ఇందులో రాయితీ ఇవ్వక్కర్లేదు. కానీ లెక్క చూడండి. యుద్ధం గురించి పెద్ద విషయంలో సరిగ్గా చెప్పిన పత్రిక ఒక రెజిమెంటు ఫోటోల కోసం పెద్దక్షరాల్లో చెంపలేసుకుని సంపాదకుణ్ని పంపేసింది. పెద్ద విషయంలోనే తప్పిన పత్రిక పదో పేజీలో సర్దుకుంది. సన్‌కి ఆ అవసరం కూడా రాలేదు.

టైమ్స్ విలేకరి సమర్థన నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ప్రభుత్వ సమాచారాన్ని తూచి చూడటం తన పని కాదనీ, ఇరాక్ ఆయుధాల గురించి ప్రభుత్వం ఏమనుకుంటోందో పాఠకులకు చెప్పడమే తన పని అనీ జుడిత్ మిల్లర్ 2004లో విమర్శకుడు మైకేల్ మాసింగ్‌తో అంది. ఈ నిర్వచనం ప్రకారం ఫాక్స్ చేసినదానికీ టైమ్స్ చేసినదానికీ తేడా లేదు. ఉన్నదల్లా వినేవాడి నమ్మకంలో. ఆమె 2005 నవంబర్‌లో టైమ్స్ వదిలింది. 2008లో ఫాక్స్ న్యూస్‌లో వ్యాఖ్యాతగా చేరింది.